మూడో వరుసలో నడవ పక్క సీటు

సంతృప్తి శాఖ మంత్రిగారు ఆ రోజు ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. ఆయన చేసే ప్రకటనలన్నీ చరిత్రాత్మకమైనవే గనక, ఇది మిగతావాటికంటే మరీ చరిత్రాత్మకమని ముందుగా ఆయనే చెప్పి, పత్రికలవాళ్లకు ఆ శ్రమ తప్పించారు.

"ప్రజలు మన ప్రసంగాలకు చప్పట్లు కొడుతున్నారు. కాదనను. కాని ఒక పద్ధతి లేదు, ప్రణాళిక లేదు, జవాబుదారీతనం అసలే లేదు! అందుకే ఈ క్షణం నుంచి మన శాఖలో 'ప్రజాహర్ష విభాగం' ఏర్పాటు చేస్తున్నాను. దానికో చీఫ్‌ని కూడా నియమిస్తున్నాను. ఆ చీఫ్ కోసం నేను దేశాలు వెతకలేదు. అతను మీ మధ్యే ఉన్నాడు. మూడో వరుసలో, నడవ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు!"

హాలంతా చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఎందుకంటే ఇలాంటి మాట పడగానే మొదటి చప్పట కొట్టవలసిన మనిషి, ఆ మూడో వరుసలో నడవ పక్క సీట్లో నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. పీఏగారు పక్కనుంచి దగ్గారు. అప్పటికి తెలివొచ్చి, డ్యూటీ డ్యూటీయే గనక, తన ప్రమోషన్‌కి తనే మొదటి చప్పట కొట్టుకున్నాడు. వెంటనే హాలు దద్దరిల్లిపోయింది.

అతని పేరు ఆఫీసు రికార్డుల్లో ఏదో ఉంది. అందరూ పిలిచేది మాత్రం మూడోవరుస అనే. ఉద్యోగం సభా సహాయకుడు. మంత్రిగారి ప్రతి సభకూ అందరికంటే ముందే వచ్చి, ఆ సీటును చేతిరుమాలుతో ఒకసారి తుడిచి, చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, రెండు అరచేతుల్లోకీ ఓసారి ఊది కూర్చునేవాడు. తర్వాత పని చూడాలి! వాక్యం అయిపోయాక ఎవడైనా కొడతాడు చప్పట్లు. అవి మర్యాద చప్పట్లు, పెళ్లికి వెళ్లి కట్నం చదివించినట్టు. మంత్రిగారు వాక్యాన్ని గాలిలో వదిలి, ఊపిరి లోపలికి లాక్కునే ఆ అరక్షణంలో మూడోవరుస మొదటి చప్పట పడేది. అంతే, హాలు మొత్తానికి ఆ మాట తమ గుండెల్లోంచే వచ్చినట్టు అనిపించేది. ఆపడం కూడా అతని పనే. చేతులు మెల్లగా దగ్గరకు తెచ్చి చప్పుడు తగ్గించేవాడు, హాలూ అతనితోపాటే అలిసిపోయేది. ఇందులో ఓ మనిషి చెయ్యి ఉందని ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే అతనికి పండగ.

వేదిక మీదికి పిలిచి మంత్రిగారు చెయ్యి కలిపారు. ఆ అరచెయ్యి బండరాయిలా గట్టిగా తగిలింది. ఎన్ని శంకుస్థాపనలు చేస్తే ఒక ప్రజాసేవకుడి చెయ్యి ఇలా కాయలు కాస్తుందోనని మూడోవరుసకు కళ్లు చెమర్చాయి.

ఇక్కడ ఒక సవరణ. ఇప్పటిదాకా అతన్ని 'అతను' అన్నాం. ఇకమీదట 'ఆయన' అంటాం. ప్రోటోకాల్.

ఇంటికి వెళ్లగానే భార్యతో చెప్పారు. ఆవిడ బట్టలు మడతపెడుతూ వింది.

"అయితే ఇకనుంచి చప్పట్లు ఎవరు కొడతారండీ?"

"టీమ్ కొడుతుంది."

"మరి మీరేం చేస్తారు?"

"నాయకత్వం వహిస్తాను."

"అదెలా చేస్తారు?"

"రేపు నేర్పిస్తారట."

"జీతం పెరిగిందా?"

"బాధ్యత పెరిగింది."

"దాన్ని ఏ కొట్లో తీసుకుంటారో కనుక్కోండి," అని ఆవిడ చొక్కా మడత సరిచేసింది. "పోనీలెండి. మీ సీటు ఎలాగూ ఖాళీ అయింది కదా, మా తమ్ముడికి ఇప్పించండి. ఎన్నాళ్లని వాడు వెనక వరుసలో ఈలలేసుకుంటూ బతుకుతాడు?"

ఆవిడ తమ్ముడు కూడా సభా సహాయకుడే. ఈల అతని విభాగం. అతని ఈలకు వీధి చివర కుక్కలు కూడా లేచి నిలబడేవి. కాకపోతే ఆ ఈల ఎప్పుడు వస్తుందో కుక్కలకూ తెలియదు, అతనికీ తెలియదు.

మర్నాడు నాయకత్వ శిక్షణ జరిగింది. కోటు వేసుకున్న ఒక గురువుగారు తెర మీద బొమ్మలు వేసి చూపించారు. నాయకుడు పని చెయ్యడు, ఆయన సమక్షంలో పని జరుగుతుంది. వేదిక మీద కూర్చున్నవాడు చప్పట్లు కొడితే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది. కాబట్టి చేతులు మోకాళ్ల మీద ఉండాలి.

"మరి కొట్టాలనిపిస్తే సార్?" అని అడిగారు మూడోవరుస.

"లోపల కొట్టుకోండి."

మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద చేతులు పెట్టడం సాధన చేశారు. ఈ బ్యాచ్‌లో ఇంత నిండుగా చేతులు పెట్టినవారు మరొకరు లేరని గురువుగారు మెచ్చుకున్నారు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దాన్ని అందుకోవడానికి చేతులు మోకాళ్ల మీంచి తియ్యవచ్చా లేదా అన్నది మాత్రం సిలబస్‌లో లేదు.

విభాగానికి ఒక గది కేటాయించారు. అంతకుముందు సభల కుర్చీలు దాచే గది అది. కుర్చీలు తియ్యడానికి ఇంకో గది లేక, వాటి మధ్యనే చీఫ్‌గారి బల్ల వేశారు. రోజంతా ఆయన బల్ల వెనక కూర్చుంటే, ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఖాళీ కుర్చీలన్నీ ఆయన వంకే చూస్తూ ఉండేవి. శ్రోతలు అంత శ్రద్ధగా ఉండటం ఆయన ఎక్కడా చూడలేదు.

అసలు కష్టం టీ దగ్గర మొదలైంది. సభ అయిపోగానే హాలు వెనక మెట్ల మీద సభా సహాయకుల బృందమంతా చేరి టీ తాగడం, ఆ రోజు ప్రసంగాన్ని ఏకిపారెయ్యడం ఏళ్ల నాటి అలవాటు. మంత్రిగారి గొంతును అనుకరించడంలో వర్ధిల్లాలి పిన్ని దిట్ట. నినాదాలు ఆవిడ విభాగం. 'వర్ధిల్లాలి' అని ఆవిడ ఒక్కసారి ఎత్తుకుంటే వర్ధిల్లనివాడు ఉండడు. బృందంలో అందరికీ ఆవిడ పిన్నే. ఇన్నేళ్లూ మూడోవరుస పక్క సీటు ఆవిడదే. ఆయనకు జ్వరం వచ్చిన రోజుల్లో మొదటి చప్పట ఆవిడే కొట్టింది, తేడా మంత్రిగారికే తెలియలేదు.

చీఫ్‌గారు మామూలుగానే మెట్ల దగ్గరికి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"కూర్చోండి, కూర్చోండి. నేనేగా!"

కూర్చున్నారు. అప్పటిదాకా పడీ పడీ నవ్వుతున్న పిన్ని, కప్పు పక్కన పెట్టి కొంగు సర్దుకుంది.

"టీ తీసుకుంటారా సార్?"

పుట్టి బుద్ధెరిగాక పిన్ని నోటివెంట ఆయన విన్నది 'ఒరే అబ్బాయ్' ఒక్కటే. ఆ 'సార్' ఆయన గుండెల్లో కలుక్కుమంది.

"పిన్నీ, నేను మీ పాతవాణ్ణే."

"పాతవాడివైతే నీ సీటు ఎవరికిస్తున్నావో చెప్పు బావా," అన్నాడు బావమరిది.

అదీ సంగతి. ఆ సీటు న్యాయంగా పిన్నిదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అందరికంటే బాగా మూడోవరుసకు తెలుసు. కాని రాత్రికి అన్నం తినవలసింది ఇంట్లో కదా. అందుకని ఆయన గొంతు సవరించుకుని, శిక్షణలో నేర్చుకున్న మాట వాడారు.

"మీరిద్దరూ సమన్వయంతో కొట్టండి."

"సమన్వయం అంటే ఎవరు ముందు కొట్టాలి సార్?" అంది పిన్ని.

"ఇద్దరూ ముందే."

"ఇద్దరూ ముందైతే వెనక ఎవరు సార్?"

"మీటింగ్ అయిపోయింది," అన్నారు చీఫ్‌గారు. అది ఆయన మొట్టమొదటి పాలనాపరమైన నిర్ణయం.

ఆ వారమే 'ఇంటింటికీ సంతృప్తి' పథకం ప్రారంభ సభ. చీఫ్‌గారు వేదిక మీద చివరి కుర్చీలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. మూడో వరుస నడవ పక్క సీట్లో బావమరిది సగం, పిన్ని సగం సర్దుకుని కూర్చున్నారు.

"మీ కన్నీళ్లు నా కన్నీళ్లు!" అని గర్జించి, మంత్రిగారు ఊపిరి తీసుకున్నారు.

బావమరిది పిన్ని వంక చూశాడు. కానివ్వు నాయనా అన్నట్టు పిన్ని చెయ్యి చూపించింది. అబ్బే, పెద్దవారు, ముందు మీరు అన్నట్టు అతను తలవంచాడు. ఇలా ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ ఉండగా హాల్లో ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. మంత్రిగారు మంచినీళ్లు తాగి, వినపడలేదేమోనని మళ్లీ అన్నారు, "మీ కన్నీళ్లు..." మళ్లీ కుర్చీయే స్పందించింది. వేదిక మీద చీఫ్‌గారి అరచేతులు దురదపెట్టి, మంటపెట్టాయి. మోకాళ్లను గట్టిగా పట్టుకున్నారు.

తెల్లారి పత్రికలో వచ్చింది: 'మంత్రి ప్రసంగం విని ఆలోచనలో పడ్డ ప్రజలు'.

"ఆలోచనలో పడటమా!" మంత్రిగారు పత్రికను బల్లకేసి కొట్టారు. "నా శాఖ పరిధిలో ప్రజలు ఆలోచనలో పడటమా! ఎవరిచ్చారయ్యా పర్మిషన్?"

బయటికి వచ్చాక పీఏగారు చీఫ్‌గారి భుజం మీద చెయ్యి వేసి, "మీ మీద మంత్రిగారికి పూర్తి నమ్మకం ఉందండీ," అన్నారు. పీఏగారు ఈ మాట ఇంతకుముందు ఎవరితో అన్నా, వాళ్లు ఆ భవనంలో మళ్లీ కనపడలేదు.

దాంతో చీఫ్‌గారికి నిద్ర పట్టలేదు. ఎవరినీ నమ్మి లాభం లేదు, అంతా తానే చూసుకోవాలి అనుకున్నారు. కాని చప్పట్లు కొట్టకూడదు. అందుకని సైగలు కనిపెట్టారు. ఆయన చెవి గోక్కుంటే చప్పట్లు. ముక్కు తుడుచుకుంటే నవ్వు. రెండు చేతులూ పైకెత్తి ఊపితే అందరూ లేచి నిలబడి నినాదాలు, ఈలలు. కుర్చీల గదిలో బృందానికి రోజూ రిహార్సల్ పెట్టారు. "సొంతంగా ఎవరూ ఏమీ చెయ్యద్దు. నా చెవి మీదే కన్ను!" అని మరీ మరీ చెప్పారు.

"మాకు ఇక పని ఏముంది సార్, మీ చెవే అన్నీ చూసుకుంటుంది," అంది పిన్ని వినయంగా.

తర్వాతి సభలో అంతా సవ్యంగానే నడిచింది. ఆయన గోక్కున్నప్పుడల్లా హాలు మోగింది. మంత్రిగారు ఊపందుకున్నారు. ప్రతిపక్షాన్ని చీల్చి చెండాడే ఘట్టానికి వచ్చి, వేలు గాలిలోకి ఎత్తారు.

"కొందరు దుర్మార్గులు ఏమంటున్నారు? ఈ మంత్రి దండగ అంటున్నారు! ఈ మంత్రి ఇన్నేళ్లలో పూచికపుల్ల పని కూడా చెయ్యలేదంటున్నారు!"

సరిగ్గా అప్పుడే ఒక ఈగ వచ్చి చీఫ్‌గారి చెవి మీద వాలింది.

బృందం శిక్షణ పొందిన బృందం. చప్పట్లు పిడుగుల్లా పడ్డాయి. బృందాన్ని చూసి ప్రజలు అందుకున్నారు. ఆ రోజు ప్రజలు కొట్టినంత మనస్ఫూర్తిగా ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ కొట్టలేదని పెద్దలు చెబుతారు. మంత్రిగారు చెయ్యెత్తి ఆపబోయారు, ఆగలేదు. ఆపడానికి సైగ ఏదీ పెట్టుకోలేదని చీఫ్‌గారికి అప్పుడు గుర్తొచ్చింది. కంగారులో వద్దు వద్దు అని రెండు చేతులూ పైకెత్తి ఊపారు. వెంటనే అందరూ లేచి నిలబడ్డారు. ఈలలు మోగాయి. "వర్ధిల్లాలి!" అని పిన్ని ఎత్తుకుంది. పూచికపుల్ల పని కూడా చెయ్యని మంత్రిగారు వర్ధిల్లాలని హాలంతా ముక్తకంఠంతో కోరుకుంది.

ఆ సాయంత్రం పీఏగారు చీఫ్‌గారిని పిలిపించి తలుపు వేశారు.

"ఈ నెలాఖరు సభకు పెద్దాయన వస్తున్నారు." పెద్దాయన అంటే మంత్రులను పెట్టేవారూ, తీసేవారూ. "మంత్రివర్గంలో మార్పులు ఉన్నాయి. ఆయన ప్రసంగాలు వినరు. కళ్లు మూసుకుని చప్పట్లు వింటారు. చప్పట్లు బాగుంటే మంత్రిగారు పైకి. లేకపోతే బయటికి. ఆయన కంటే ముందు మీరు."

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. నన్ను నా పాత సీటుకు పంపెయ్యండి," అన్నారు చీఫ్‌గారు. అప్పటికి ఆయనకు ఇంకే కోరికా మిగల్లేదు. ఆ సీటు, ఆ నడవ, ఆ అరక్షణం, అంతే.

"పాత సీటు ఎక్కడుందండీ? మీరే కదా దాన్ని సమన్వయం చేశారు. పోస్టు రద్దయిపోయింది. అయినా మన శాఖలో కిందికి దిగడానికి మెట్లు లేవు. పైకి ఉన్నాయి, బయటికి ఉన్నాయి."

చీఫ్‌గారు ఆఫీసు బండి ఎక్కకుండా నడిచి పిన్ని ఇంటికి వెళ్లారు. ఇరుకు మెట్లెక్కి, తీగ మీద ఆరేసిన తడి చీరల కింద వంగి లోపలికి వెళితే, పిన్ని మంచం మీద కూర్చుని మణికట్లకు మందు రాసుకుంటోంది.

"రండి సార్. కుర్చీ తుడవమంటారా?"

"పిన్నీ," అన్నారు ఆయన. గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

పిన్ని మందు పక్కన పెట్టింది. ఎంతైనా పిన్ని కదా.

"ఒరే అబ్బాయ్, ఇలా రా. కూర్చో. ఏం కావాలి నీకు?"

"నా సీటు కావాలి పిన్నీ."

"అది నువ్వు పైకెక్కిన రోజే పోయిందిరా. ఇన్నేళ్లూ నువ్వు కొట్టావు, నీ వెనక మేం కొట్టాం. ఇప్పుడు నువ్వు అక్కడ కూర్చుని చెవి గోక్కుంటావు, మేం ఇక్కడ నీ చెవి వంక చూస్తూ కూర్చుంటాం. మంత్రిగారి ఊపిరి ఎవడు వింటాడు? చెప్పు."

"నువ్వు విను పిన్నీ. ఆ సీట్లో నువ్వొక్కదానివే కూర్చో. సైగలు లేవు, ఏమీ లేవు. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది. నాకు దమ్ము చాల్లేదు."

"మరి మీ ఆవిడ?"

"చెబుతాను," అన్నారు ఆయన. పెద్దాయన రాక కంటే ఆ సంగతే ఎక్కువ భయపెట్టింది.

చెప్పారు. భార్య ఆ రోజు నుంచి ఆయనతో గోడకు చెప్పినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. బావమరిది అంతకంటే ఘోరంగా మర్యాద మొదలుపెట్టాడు. భోజనాల దగ్గర, "సార్, తమరికి అభ్యంతరం లేకపోతే ఆ ఉప్పు ఇటు అందిస్తారా సార్?" అనేవాడు. నాయకత్వం అంటే ఏమిటో చీఫ్‌గారికి ఆ ఉప్పు అందిస్తున్నప్పుడు తెలిసింది.

పెద్దాయన సభ రోజు వచ్చింది. హాలు కిటకిటలాడింది. పెద్దాయన వేదిక మధ్యలో, చేతులు మోకాళ్ల మీద ఉంచి, కళ్లు మూసుకుని కూర్చున్నారు. మూడో వరుస నడవ పక్క సీట్లో పిన్ని ఒక్కతే, హాయిగా.

"మీ కన్నీళ్లు నా కన్నీళ్లు!"

మంత్రిగారి ఊపిరి ఇంకా లోపలికి చేరలేదు, పిన్ని చప్పట పడింది. ఆహా! ఎక్కడ పడాలో అక్కడే, ఎంత పడాలో అంతే. హాలు ఉప్పొంగింది, అణిగింది, మళ్లీ ఉప్పొంగింది. పెద్దాయన తల మెల్లగా ఊగింది. మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. చివరి కుర్చీలో చీఫ్‌గారికి తన సీట్లో ఇంకొకరు ఇంత బాగా కొడుతుంటే సంతోషంతోపాటు కడుపులో మంట కూడా పుట్టింది. రెండూ లోపలే కొట్టుకున్నారు.

చివర వందన సమర్పణ చీఫ్‌గారిది. ఆయన జీవితంలో మొదటి ప్రసంగం. మైకు ముందుకు వచ్చారు. ఇక్కడ చేతులు పెట్టుకోవడానికి మోకాళ్లు కూడా అందుబాటులో లేవు.

"ఈ సభకు వచ్చిన... అందరికీ... వచ్చినందుకు... వందనాలు!"

అని, ఎన్నో ఏళ్లు ఎన్నో ప్రసంగాలు విన్న మనిషి గనక, ఊపిరి ఆగవలసిన చోట సరిగ్గా ఆపారు. హాల్లో కిక్కురుమన్నవాడు లేడు. మంత్రి స్థాయికి తక్కువవారికి ఎవరూ చప్పట్లు కొట్టరాదని వారం కిందట ఆర్డర్ వేసింది ఆయనే. ఆ నిశ్శబ్దంలో నిలబడితే ఆయనకు భూమి చీలి అందులోకి వెళ్లిపోతే బాగుండు అనిపించింది. చెమటలు పట్టిన మొహంతో మూడో వరుస వంక చూశారు.

పిన్ని కూడా ఆయన్నే చూస్తోంది. ఆవిడ చూస్తున్నది చీఫ్‌ని కాదు, జ్వరం వస్తే తన సీటు అప్పజెప్పి వెళ్లే అబ్బాయిని. ఆర్డర్ సంగతి మరిచిపోయి చప్పట కొట్టేసింది. దానికి ముందు లెక్కా లేదు, ఊపిరీ లేదు. వెనక వరుసలోంచి, ఎవరూ చెప్పకుండానే, బావమరిది ఈల వచ్చింది. జన్మలో మొదటిసారి అది రావలసిన చోట వచ్చింది. హాలంతా అందుకుంది. చీఫ్‌గారు మైకు పట్టుకుని నిలబడి కళ్లు తుడుచుకున్నారు.

పెద్దాయన కళ్లు తెరిచారు.

"ఎవరామె?"

"మామూలు ప్రజానీకం సార్," అన్నారు పీఏగారు చప్పున.

"ఇలాంటి ప్రసంగానికి కూడా చప్పట్లు కొట్టగలిగిందంటే, ఈవిడకు దేంట్లోనైనా సంతృప్తి దొరుకుతుంది," అన్నారు పెద్దాయన. "సంతృప్తి శాఖకు ఇంతకంటే ఎవరు కావాలయ్యా?"

రెండు రోజుల్లో పిన్ని సంతృప్తి శాఖ మంత్రి అయింది. ప్రమాణ స్వీకారం రోజునే కోటు గురువుగారు వచ్చి, చేతులు మోకాళ్ల మీద పెట్టడం నేర్పి వెళ్లారు. పీఏగారు అదే గదిలో, అదే కుర్చీలో, కొత్త మంత్రిగారి మీద పూర్తి నమ్మకంతో కొనసాగారు.

పిన్ని పెట్టిన మొదటి సంతకం మూడోవరుస గురించే. ప్రజాహర్ష విభాగం రద్దు. మూడో వరుస నడవ పక్క సీటు పునరుద్ధరణ. ఆ సీటులో పాత మనిషి. ఇక్కడితో 'ఆయన' కూడా రద్దయింది గనక మనం మళ్లీ 'అతను' అనుకోవచ్చు.

"ఒరే అబ్బాయ్, నీ సీటు నీకిచ్చేశాను. ఇక నన్ను చూసుకో," అంది పిన్ని, పెద్ద బల్ల వెనకనుంచి. గది మరీ పెద్దది కావడం వల్ల ఆవిడ మరీ చిన్నగా కనిపించింది.

"నీకేం భయం లేదు పిన్నీ," అన్నాడు మూడోవరుస. పీఏగారు దగ్గారు. "అదే... మేడమ్‌గారూ."

పిన్ని ఏదో అనబోయి, మోకాళ్ల మీద చేతులు సర్దుకుంది.

కొత్త మంత్రిగారి తొలి సభకు మూడోవరుస అందరికంటే ముందే వెళ్లాడు. ఇంటి నుంచి బయల్దేరుతుంటే భార్య గోడతో కాకుండా అతనితోనే, "త్వరగా వచ్చెయ్యండి," అంది. హాల్లో అడుగు పెట్టగానే వెనక వరుసలోంచి, "ఏం బావా, టీ తాగావా?" అని కేక వినిపించింది. ప్రపంచంలో ఏదీ చెక్కుచెదరలేదు. సీటును రుమాలుతో తుడిచి, కూర్చుని, అలా కాసేపు ఊరికే ఉండిపోయాడు. ఇంత సుఖం చీఫ్‌గిరిలో ఒక్క పూట కూడా దొరకలేదు.

సభ మొదలయ్యే ముందు మాజీ మంత్రిగారు వచ్చారు. వెంట కారు లేదు, మనుషులు లేరు. మొదటి వరుసలో ఆయన పేరు రాసిన కుర్చీ వేసి ఉంది. ఆయన దానివంక చూడలేదు. నడవలో నెమ్మదిగా నడిచి వచ్చి, మూడో వరుస దగ్గర ఆగారు.

"కొంచెం జరుగు."

మూడోవరుస లేచి నిలబడ్డాడు. "సార్, మీ కుర్చీ ముందు వేశారు సార్. పేరు కూడా రాశారు."

"జరగవయ్యా," అన్నారు ఆయన విసుగ్గా, ఎవరో తన ఇంట్లో తన మంచం మీద పడుకున్నట్టు.

మూడోవరుస పక్క సీట్లోకి జరిగాడు. మాజీ మంత్రిగారు చేతిరుమాలు తీసి నడవ పక్క సీటును ఒకసారి తుడిచారు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. రెండు అరచేతుల్లోకీ ఓసారి ఊదారు. కూర్చున్నారు.

మూడోవరుస వేదిక వంక చూశాడు. మధ్యలో పెద్దాయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నారు. పిన్ని మైకు ముందుకు వచ్చింది. కాగితం లేకుండానే, తడుముకోకుండా, మెట్ల మీద ఎన్నో సాయంత్రాలు అనుకరించిన అదే గొంతుతో గర్జించింది.

"మీ కన్నీళ్లు నా కన్నీళ్లు!"

పిన్ని ఊపిరి తీసుకుంది. మూడోవరుస చేతులు లేచాయి. అవి ఇంకా ఒకదానికొకటి తగలకముందే, పక్క సీట్లోంచి ఒక చప్పట పడింది. ఎక్కడ పడాలో అక్కడే, ఎంత పడాలో అంతే.

హాలు దద్దరిల్లిపోయింది. మూడోవరుస రెండో చప్పట కొట్టాడు. ఇన్నేళ్ల సర్వీసులో అతను రెండోది కొట్టడం అదే మొదటిసారి.